ఖమీరు నుంచి కాండిడా హైదరాబాదెన్సిస్ వరకు: హైదరాబాదులో ఈస్టుల వర్గీకరణ, పారిశ్రామిక వినియోగ చరిత్ర

సంక్షిప్తి:
ఈస్టును మనిషి పేరు తెలియకముందే వేల సంవత్సరాలపాటు వాడుకున్నాడు. దానికి శాస్త్రీయ నామం ఏర్పడి రెండు శతాబ్దాలు కూడా కాలేదు. హైదరాబాదు నగరచరిత్రలో ఈ రెండు దశలూ స్పష్టంగా కనిపిస్తాయి. దబీర్‌పురా, పురానీ హవేలీ ప్రాంతాల నాన్ బట్టీలలో తరతరాలుగా వాడిన ఖమీరు మొదటి దశకు ఉదాహరణ. 1980ల నుంచి నగరంలోని పరిశోధన సంస్థలలో జరిగిన ఈస్టుల గుర్తింపు, నామకరణం, పారిశ్రామిక వినియోగం రెండవ దశకు చెందుతాయి. వర్గీకరణ కేవలం పేర్లు పెట్టే పని కాదనీ, వినియోగం, భద్రత, హక్కు అనే మూడు అంశాలకూ అదే ఆధారమనీ ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. ఈ చరిత్రలో ఖమీరుకు దక్కని స్థానాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఈస్టు, ఖమీరు, కిణ్వనం, వర్గీకరణ, నామకరణం, దబీర్‌పురా, సీసీఎంబీ, పికియా పాస్టోరిస్, జీవవైవిధ్యం.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు పాత నగరపు ప్రాకారానికి ఒకప్పుడు డజనుకు పైగా దర్వాజాలుండేవి. వాటిలో ఇప్పటికి నిలిచి ఉన్నవి రెండే: ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది దబీర్‌పురా దర్వాజా. పర్షియన్ భాషలో ‘దబీర్’ అంటే లేఖకుడు, కార్యదర్శి. రాతకోతలు చేసేవారి పేరు మీద వెలసిన ఈ పేటకు చేరువలోనే పురానీ హవేలీ ఉంది. అక్కడ 1851లో నిజాం కొలువులోని ఒక మున్షీ నాన్ దుకాణం ప్రారంభించారని ప్రసిద్ధి. మున్షీ అన్నా లేఖకుడే. నాలుగు మూలలున్న చార్‌కోనీ నాన్, కుల్చా, షీర్‌మాల్ వంటి రొట్టెలకు ఈ పరిసరాలు పేరుపొందాయి. నిహారీతోనో పాయాతోనో తినే ఈ రొట్టె మెత్తగా పొంగడానికి కారణం ఖమీరు. నిన్నటి పిండిలో కొంత మిగిల్చి, నేటి పిండిలో కలిపి పులియబెట్టడమే ఖమీరు పద్ధతి. తెలుగు ఇళ్లలో పాలకు తోడు వేసినట్టే ఇది పిండికి తోడు వేయడం.

ఆ పిండిముద్దలో పనిచేసేది ఏమిటన్న ప్రశ్న బట్టీవారికి అవసరం లేకపోయింది. పిండి ఎంతసేపటికి పొంగుతుందో, ఎండాకాలంలో ఎంత త్వరగా పులుస్తుందో, చలికాలంలో ఎంత ఆలస్యమవుతుందో వారికి చేతి అలవాటుగా తెలుసు. అదే నగరంలో, మూసీకి ఆవలి ఒడ్డున, ఇరవయ్యో శతాబ్ది చివరి నాటికి శాస్త్రవేత్తలు ఈస్టులను వేరుచేసి, వాటి జన్యుక్రమాలను చదివి, కొత్త జాతులకు పేర్లు పెట్టే స్థితికి వచ్చారు. వాటిలో ఒకదానికి నగరం పేరే పెట్టారు. ఈ రెండు జ్ఞానాల మధ్య సంబంధం ఏమిటి? ఒక సూక్ష్మజీవికి పేరు పెట్టడం వల్ల వాస్తవంగా ఏం మారుతుంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఈస్టుల వర్గీకరణ: చారిత్రక నేపథ్యం:

ఈస్టులు ఏకకణ శిలీంధ్రాలు. వీటిలో ఎక్కువ భాగం మొగ్గ తొడిగి సంతతిని పెంచుకుంటాయి. చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మార్చే కిణ్వన శక్తి వీటిలో చాలావాటికి ఉంది. రొట్టె పొంగడానికి ఆ వాయువు కారణమైతే, కల్లు మత్తెక్కడానికి ఆ ఆల్కహాలు కారణం.

1680లో డచ్ పరిశోధకుడు లీవెన్‌హుక్ బీరు చుక్కలో గుండ్రని రేణువులను చూశాడు గాని అవి ప్రాణులని గ్రహించలేదు. 1837 ప్రాంతంలో ఫ్రాన్సులో కన్యార్ లాటూర్, జర్మనీలో థియోడర్ ష్వాన్, ఫ్రీడ్రిష్ క్యుట్సింగ్ వేర్వేరుగా అవి సజీవులని నిర్ధారించారు. 1838లో మేయెన్ ‘శాకరోమైసిస్’ అనే పేరును వాడాడు. ఆ మాటకు ‘చక్కెర శిలీంధ్రం’ అని అర్థం. కిణ్వనం జీవక్రియ అని లూయీ పాశ్చర్ ప్రయోగాలతో స్థిరపరిచాడు. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి పుట్టిన శుద్ధ ఈస్టును పెంచి బీరు తయారీకి అందించాడు. ఏ ఈస్టుతో మంచి బీరు వస్తుంది, ఏ ఈస్టుతో చెడిపోతుంది అన్న పరిశ్రమ ప్రశ్నే ఆ పరిశోధనకు మూలం. ఈస్టుల వర్గీకరణ పుట్టుకలోనే పారిశ్రామిక వినియోగంతో ముడిపడి ఉందని దీనివల్ల తెలుస్తుంది.

తరువాతి కాలంలో నెదర్లాండ్స్ ఈ శాస్త్రానికి కేంద్రమైంది. 1904లో అక్కడ ఏర్పడిన శిలీంధ్ర భాండాగారం సీబీఎస్ అన్న పొడి అక్షరాలతో ప్రపంచమంతటా ప్రసిద్ధం. 1952లో లొడ్డెర్, క్రెగర్ వాన్ రై వెలువరించిన ఈస్టుల వర్గీకరణ గ్రంథంలో నూట అరవైకి పైగా జాతులున్నాయి. ఆ పరంపరలోనే 2011లో వెలువడిన అయిదవ ముద్రణలో జాతుల సంఖ్య దాదాపు 1500కు చేరింది. ఆరు దశాబ్దాలలో ఇంత పెరుగుదలకు ముఖ్య కారణం పద్ధతి మారడమే.

పాత పద్ధతిలో ఈస్టు కణం ఆకారం, సిద్ధబీజాలు ఏర్పడే తీరు, ఏ చక్కెరను పులియబెట్టగలదు, ఏ నత్రజని పదార్థాన్ని వాడుకోగలదు వంటి పరీక్షలు ఆధారం. ఒకే జాతిలోని రెండు స్ట్రెయిన్లు ఈ పరీక్షల్లో వేరుగా కనిపించవచ్చు. వేర్వేరు జాతులు ఒకేలా కనిపించవచ్చు. 1998లో అమెరికా శాస్త్రవేత్తలు క్లెటస్ కర్ట్‌జ్‌మన్, క్రిస్టీ రాబ్నెట్ సుమారు 500 ఆస్కోమైకోటా ఈస్టు జాతులలో 26ఎస్ రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులోని డీ1/డీ2 భాగపు క్రమాన్ని చదివి పోల్చారు. దాదాపు 600 అక్షరాల ఈ భాగంలో ఒకే జాతి స్ట్రెయిన్ల మధ్య మూడుకు మించి తేడాలు సాధారణంగా ఉండవనీ, ఆరు లేదా అంతకు మించి, అంటే ఒక శాతం తేడా ఉంటే అవి వేర్వేరు జాతులు కావచ్చుననీ వారు సూచించారు. ఇది పూర్తి తీర్పు కాకపోయినా తొలి జల్లెడగా ప్రపంచమంతటా స్థిరపడింది. హైదరాబాదులో కొత్త జాతుల నామకరణం ఈ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చిన దశాబ్దంలోనే జరగడం యాదృచ్ఛికం కాదు.

3. పేరు లేని వినియోగం: ఖమీరు, కల్లు:

ఖమీరు ఒక్క జీవి కాదు, ఒక సమూహం. పులిసిన పిండిలో ఈస్టులతో పాటు లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలు కూడా ఉంటాయి. ఈస్టు పిండిని పొంగిస్తుంది. బాక్టీరియా పులుపును, వాసనను ఇస్తుంది. సాన్‌ఫ్రాన్సిస్కో పులిపిండి రొట్టెపై 1971లో జరిగిన పరిశోధన ఈ సహజీవనాన్ని ఉదాహరణగా నిలబెట్టింది. అక్కడి పిండిలోని ప్రధాన ఈస్టు మాల్టోజ్ అనే చక్కెరను ముట్టదు, బాక్టీరియా దానినే ఇష్టపడుతుంది. రెండింటి మధ్య పోటీ లేనందువల్ల ఆ సమూహం ఏళ్ల తరబడి స్థిరంగా ఉంటుంది. ఏ బట్టీ ఖమీరుకు ఆ బట్టీ రుచి ఉంటుందన్న వాడుకమాటకు శాస్త్రపరమైన అర్థం ఇక్కడ దొరుకుతుంది. పిండి, నీరు, ఉష్ణోగ్రత, మళ్లీ మళ్లీ కలిపే వ్యవధి అన్నీ కలిసి ఒక్కో చోట ఒక్కో సమూహాన్ని ఎంపిక చేస్తాయి.

తెలంగాణలో ఇదే సూత్రం కల్లులోనూ పనిచేసింది. తాటి, ఈత చెట్ల నుంచి కారే నీరాలో చక్కెర పుష్కలంగా ఉంటుంది. గీత కార్మికుడు చెట్టుకు కట్టిన లొట్టిలో ముందురోజు మిగిలిన తడే మరుసటి రోజు నీరాకు తోడు. అందులో శాకరోమైసిస్ వంటి ఈస్టులతో పాటు జైమోమోనాస్ వంటి బాక్టీరియాలు కూడా ఆల్కహాలును తయారుచేస్తాయి. నీరా తియ్యగా ఉండాలంటే లొట్టికి సున్నం పూయాలని గీత కార్మికులకు తెలుసు. సున్నపు క్షారగుణం సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకుంటుందని శాస్త్రం తరువాత వివరించింది.

ఈ జ్ఞానానికి ఒక బలం, ఒక బలహీనత ఉన్నాయి. బలం, అది నిరంతరం పరీక్షకు లోనవుతుంది. చెడిన ఖమీరుతో చేసిన రొట్టె ఆ రోజే అమ్ముడుపోదు. బలహీనత, అది మనిషి నుంచి మనిషికి చేతి పనిగానే సాగుతుంది. బట్టీ ఆరిపోతే ఖమీరు పోతుంది. దానిని మరొకచోట తిరిగి పెంచడానికి ఏ రికార్డూ మిగలదు. కర్మాగారంలో తయారైన ఒత్తిడి ఈస్టు, పొడి ఈస్టు వచ్చిన తరువాత ఈ ప్రమాదం పెరిగింది. మొలాసిస్ మీద పెంచిన ఒకే శుద్ధ స్ట్రెయిన్ గంట రెండు గంటల్లో పిండిని పొంగిస్తుంది, ప్రతిరోజూ ఒకే ఫలితం ఇస్తుంది. వ్యాపారానికి అది మేలు. కాని సమూహం స్థానంలో ఒకే స్ట్రెయిన్ చేరుతుంది.

4. చక్కెర కర్మాగారం, వేసవి, ఈస్టు:

నిజాం రాజ్యంలో కిణ్వనం భారీ పరిశ్రమ స్థాయికి చేరడానికి చెరకు కారణం. 1937లో బోధన్ సమీపంలోని శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. చక్కెర తీసిన తరువాత మిగిలే నల్లని పాకం మొలాసిస్. ఇంకా స్ఫటికంగా మారని చక్కెర అందులో సగం దాకా ఉంటుంది. దానిని ఈస్టుతో పులియబెట్టి బట్టీ పడితే ఆల్కహాలు వస్తుంది. మద్యానికే కాక రసాయన పరిశ్రమకు, ఇంధనానికి కూడా అది ముడిసరుకు. ఇంధనంగా ఆల్కహాలు వాడకాన్ని ప్రోత్సహిస్తూ 1948లో భారత ప్రభుత్వం పవర్ ఆల్కహాల్ చట్టం చేసింది. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాలలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే కార్యక్రమం మొదలైంది. ఈ నిర్ణయాలతో ఈస్టు పనితనం ఇంధన విధానంలో భాగమైంది.

ఇక్కడే ఒక స్థానిక సమస్య ఎదురైంది. వంద గ్రాముల గ్లూకోజు నుంచి సిద్ధాంతరీత్యా సుమారు 51 గ్రాముల ఇథనాల్ రావాలి. అయితే మామూలు శాకరోమైసిస్ సెరివిసియే 30 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య బాగా పనిచేస్తుంది. కిణ్వనంలో వేడి పుడుతుంది. తెలంగాణ వేసవిలో బయటి ఉష్ణోగ్రతే 40 డిగ్రీలు దాటుతుంది. తొట్టిని చల్లబరచడానికి నీరు, విద్యుత్తు ఖర్చవుతాయి. చల్లబరచకపోతే ఈస్టు నీరసించి, చక్కెర మిగిలిపోతుంది. యూరపు బీరు తయారీదారులకు అంతగా లేని ఈ సమస్యకు పరిష్కారం ఇక్కడి నేలలోనే వెదకవలసి వచ్చింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయ సూక్ష్మజీవశాస్త్ర విభాగానికి చెందిన ఎల్. వెంకటేశ్వరరావు బృందం, ఐ.ఎం. బనాత్‌తో కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో వేడి అధికంగా ఉండే చోట్ల మట్టిని సేకరించింది. వేడికి నిత్యం గురయ్యే మట్టిలో వేడిని తట్టుకునే ఈస్టులుండాలన్నది వారి ఊహ. ఆ మట్టి నుంచి వీఎస్1, వీఎస్2, వీఎస్3, వీఎస్4 అనే నాలుగు స్ట్రెయిన్లను వేరుచేశారు. అవి అధిక ఉష్ణోగ్రతను, అధిక చక్కెర సాంద్రతను తట్టుకున్నాయి. కణాలు గుంపుకట్టి అడుగుకు దిగే గుణం కూడా వాటికుంది. కిణ్వనం పూర్తయ్యాక ఈస్టును వేరుచేయడానికి ఈ గుణం ఎంతో ఉపయోగకరం. 2000లో ఈ ఫలితాలు ‘బయోరిసోర్స్ టెక్నాలజీ’ పత్రికలో వెలువడ్డాయి. ఇవి శాకరోమైసిస్ సెరివిసియే జాతికి చెందినవే. అంటే వారు కొత్త జాతిని కనుగొనలేదు, తెలిసిన జాతిలోనే స్థానిక పరిస్థితికి తగిన స్ట్రెయిన్లను కనుగొన్నారు. జాతి పేరు ఒక్కటే అయినా స్ట్రెయిన్ల గుణాలు ఎంతగా మారతాయో ఈ పరిశోధన చూపింది.

5. హైదరాబాదు పేరుతో ఒక జాతి:

1977లో ఏర్పడిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే సీసీఎంబీ, ఈస్టుల పరిశోధనకు మరొక దిశ చూపింది. అక్కడి తొలి ఈస్టు పరిశోధనల్లో ఒకటి అంటార్కిటికాకు సంబంధించింది. భారత యాత్రా బృందాలు షిర్మాకర్ ఒయాసిస్ నుంచి తెచ్చిన నమూనాలలోని ఈస్టులపై ఎం.కె. రే, ఎస్. శివాజీ, ఎన్. శ్యామలారావు, సంస్థ వ్యవస్థాపక సంచాలకులు పి.ఎం. భార్గవ 1989లో ‘పోలార్ బయాలజీ’ పత్రికలో వ్యాసం ప్రచురించారు. వాటిలో కాండిడా, రోడోటొరులా ప్రజాతుల ఈస్టులున్నాయి. 1992లో అదే బృందం కాండిడా హ్యూమికోలా అనే అంటార్కిటికా ఈస్టు కణం వెలుపలికి విడుదల చేసే ప్రోటియేజ్ ఎంజైమును వివరించింది. చల్లని చోట పనిచేసే ఎంజైములకు పరిశ్రమలో విలువ ఉంది. తక్కువ ఉష్ణోగ్రతలో ప్రక్రియ జరిగితే ఇంధనం ఆదా అవుతుంది. కొత్తగూడెం పరిశోధన వేడి దిక్కుగా సాగితే, ఇది చలి దిక్కుగా సాగింది.

2007లో కొత్త జాతుల నామకరణం వెంటవెంటనే జరిగింది. ఆర్. శ్రీనివాసరావు, బి. భద్ర, ఎన్. నవీన్‌కుమార్, ఎస్. శివాజీ ద్రాక్షపండ్ల నుంచి వేరుచేసిన ఈస్టుకు కాండిడా హైదరాబాదెన్సిస్ అని పేరు పెట్టి 2007లో ‘ఫెమ్స్ ఈస్ట్ రిసెర్చ్’ పత్రికలో ప్రకటించారు. లాటిన్‌లో ‘ఎన్సిస్’ అనే ప్రత్యయానికి ‘ఆ చోటికి చెందిన’ అని అర్థం. అదే ఏడాది అదే పత్రికలో భద్ర, సహరచయితలు బొప్పాయిపండు నుంచి లభించిన ఈస్టును పికియా సీసెంబెన్సిస్‌గా వర్ణించారు. సీసీఎంబీ అన్న సంస్థ పేరే ఆ జాతి నామంలో ఇమిడి ఉంది. 2007లోనే చండీగఢ్‌లోని సూక్ష్మజీవ సాంకేతిక సంస్థకు చెందిన పూజా సలూజా, జి.ఎస్. ప్రసాద్ బొగ్గుగని మట్టిలోని ఈస్టుకు డెబారియోమైసిస్ సింగరేనియెన్సిస్ అని పేరు పెట్టారు. తెలంగాణ బొగ్గుగనుల పేరు ఆ విధంగా శిలీంధ్ర నామావళిలో చేరింది.

ఒక కొత్త జాతి ఆమోదం పొందాలంటే ఏమేం జరగాలో గమనించదగ్గది. ఈస్టును వేరుచేసి శుద్ధం చేయాలి. జన్యుక్రమాన్ని చదివి సమీప జాతులతో పోల్చాలి. శరీరధర్మ పరీక్షలు నిర్వహించాలి. టైప్ స్ట్రెయిన్ అనే ప్రామాణిక నమూనాను భాండాగారంలో నిల్వ చేయాలి. 2011 చివరి వరకు శిలీంధ్రాల కొత్త పేరుకు లాటిన్ వర్ణన కూడా తప్పనిసరి. అందువల్ల 2007లో ప్రకటితమైన హైదరాబాదు ఈస్టు కూడా లాటిన్‌లో వర్ణితం కావలసిందే. ఈ కట్టుబాట్లు బయటివారికి లాంఛనాలుగా కనిపించవచ్చు. వాటి ఫలితం మాత్రం స్పష్టం: ప్రపంచంలో ఏ పరిశోధకుడైనా ఆ నమూనాను తెప్పించుకొని, చెప్పిన విషయాన్ని తిరిగి పరీక్షించవచ్చు. పేరు అంటే ఇక్కడ కేవలం మాట కాదు, భద్రపరచిన ఒక జీవికి చిరునామా.

నామకరణం, వినియోగం ఒకే బృందంలో కలిసి నడిచాయన్నది గమనార్హం. శ్రీనివాసరావు, భద్ర, శివాజీ పండ్లు, చెట్ల బెరళ్ల నుంచి ఇథనాల్ తయారుచేసే ఈస్టులనూ, పెంకుపురుగుల జీర్ణనాళం నుంచి జైలిటాల్ తయారుచేసే ఈస్టులనూ వేరుచేశారు. జైలిటాల్ మధుమేహ రోగులకు ఉపయోగపడే తీపి పదార్థం. అంతకుముందు 2006లో మొక్కజొన్న పీచు, చెరకుపిప్పి నుంచి కాండిడా ట్రాపికాలిస్ ద్వారా జైలిటాల్ తయారుచేసే విధానాన్ని హైదరాబాదు శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఏ ఈస్టు ఏ చక్కెరను తింటుందన్న వర్గీకరణ పరీక్షే, ఏ వ్యర్థాన్ని ఏ సరుకుగా మార్చవచ్చునన్న పరిశ్రమ ప్రశ్నకు సమాధానమైంది.

6. వ్యాక్సిన్ తయారీలో ఈస్టు:

హైదరాబాదులో ఈస్టు వల్ల కలిగిన అతిపెద్ద సామాజిక ప్రయోజనం హెపటైటిస్-బి వ్యాక్సిన్. ఈ వైరస్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, తల్లి నుంచి శిశువుకు సోకుతుంది. 1982లో శాకరోమైసిస్‌లో ఈ వైరస్ ఉపరితల ప్రోటీనును తయారుచేయవచ్చునని అమెరికాలో రుజువైంది. 1986లో ఆ పద్ధతితో చేసిన వ్యాక్సిన్ అక్కడ అనుమతి పొందింది. దిగుమతి వ్యాక్సిన్ ధర భారతదేశంలోని సామాన్య కుటుంబానికి అందేది కాదు.

1993లో కె.ఐ. వరప్రసాదరెడ్డి హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించారు. తొలిదశ పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, తరువాత సీసీఎంబీలోనూ సాగింది. ఆ బృందం ఎంచుకున్నది పికియా పాస్టోరిస్ అనే ఈస్టు. మిథనాల్‌ను ఆహారంగా వాడుకోగల అరుదైన ఈస్టులలో ఇది ఒకటి. మిథనాల్ అందగానే దాని కణంలో ఒక ఎంజైము జన్యువు అత్యంత బలంగా పనిచేస్తుంది. ఆ జన్యువు మీటకు వైరస్ ప్రోటీను జన్యువును జతచేస్తే, ఈస్టు ఆ ప్రోటీనును విస్తారంగా తయారుచేస్తుంది. 1997లో షాన్‌వాక్-బి పేరుతో వెలువడిన ఈ వ్యాక్సిన్, జన్యు పునస్సంయోజన పద్ధతిలో భారతదేశంలో తయారైన తొలి హెపటైటిస్-బి వ్యాక్సిన్. ధరలు గణనీయంగా తగ్గాయి. 2002లో ప్రయోగాత్మకంగా ప్రభుత్వ టీకా కార్యక్రమంలో చేరిన హెపటైటిస్-బి వ్యాక్సిన్ 2011 నాటికి దేశమంతటికీ విస్తరించింది.

ఈ ఈస్టు పేరు చరిత్ర వర్గీకరణకు మంచి పాఠం. ఫ్రాన్సులో ఒక చెట్టు స్రావం నుంచి గిల్లియర్‌మాండ్ దీనిని 1919 ప్రాంతంలో వేరుచేసి జైగోశాకరోమైసిస్ ప్రజాతిలో చేర్చాడు. 1956లో హర్మన్ ఫాఫ్ దీనిని పికియా ప్రజాతికి మార్చాడు. 1995లో జపాను శాస్త్రవేత్త యమాడా, సహచరులు కొమగటెల్లా అనే కొత్త ప్రజాతిని ప్రతిపాదించారు. పరిశ్రమలో వాడుకలో ఉన్న ప్రధాన స్ట్రెయిన్లు నిజానికి కొమగటెల్లా ఫాఫీ జాతివని 2009లో కర్ట్‌జ్‌మన్ చూపించాడు. అయినా పరిశ్రమ పత్రాలలో పికియా పాస్టోరిస్ అన్న పాతపేరే కొనసాగుతోంది. పేరు మారినా జీవి మారలేదు, వ్యాక్సిన్ మారలేదు. అయితే అనుమతి పత్రాలు, పేటెంట్లు, భద్రతా నివేదికలు చదివే పరిశోధకుడు రెండు పేర్లనూ ఎరిగి ఉండాలి. లేకపోతే ఒకే జీవికి చెందిన జ్ఞానం రెండు కుప్పలుగా చీలిపోతుంది.

7. ఒకే జాతి, రెండు ముఖాలు:

పేర్ల విషయంలో అజాగ్రత్త ప్రాణాంతకం కూడా కావచ్చు. కాండిడా అనేది చిరకాలం ఒక తాత్కాలిక ప్రజాతిగా ఉండేది. లైంగిక సిద్ధబీజాలు కనిపించని ఈస్టులను ఎన్నింటినో అందులో చేర్చారు. సిద్ధబీజాలు కనిపించినప్పుడు అదే జీవికి మరో ప్రజాతిలో మరో పేరు పెట్టేవారు. 2011లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ సభ ఈ జంటపేర్ల పద్ధతిని రద్దుచేసి, ఒక శిలీంధ్రానికి ఒకే పేరన్న నియమాన్ని తెచ్చింది. ఆ నియమం ప్రకారం కాండిడా పేరుతో ఉన్న వందలాది జాతుల స్థానాన్ని తిరిగి నిర్ణయించే పని సాగుతోంది. కాండిడా హైదరాబాదెన్సిస్‌లోని ‘కాండిడా’ కూడా అటువంటి తాత్కాలిక చిరునామాయే. ‘హైదరాబాదెన్సిస్’ అన్న విశేషణం మాత్రం ప్రజాతి మారినా సాధారణంగా వెంట నడుస్తుంది.

2018లో ఐర్లండు శాస్త్రవేత్తలు జన్యుసముదాయ పరిశీలనతో ఒక ఆశ్చర్యకర విషయం స్థాపించారు. ఆసుపత్రులలో ప్రమాదకర సంక్రమణ కలిగించే కాండిడా క్రూసీ, ఆహార కిణ్వనంలో సురక్షితమని భావించే పికియా కుడ్రియావ్‌జెవీ ఒకే జాతి. వేరు పేర్ల వల్ల వైద్యులు ఒక చోట, పరిశ్రమవారు మరొక చోట చదివారు. జైలిటాల్ తయారీలో ఉపయోగపడిన కాండిడా ట్రాపికాలిస్ కూడా రోగుల రక్తంలో సంక్రమణ కలిగించే ఈస్టులలో ఒకటి. పరిశ్రమకు మేలైనది అన్న గుణం మనిషికి హానిచేయదన్న హామీ కాదు. సరైన గుర్తింపు, సరైన పేరు ఉన్నప్పుడే రెండు వైపుల జ్ఞానమూ ఒకచోట కలుస్తుంది.

8. ఖమీరు హక్కు:

2002 జీవవైవిధ్య చట్టం సూక్ష్మజీవులను కూడా జీవవనరులుగా నిర్వచించింది. స్థానిక జ్ఞానం నుంచి లాభం వచ్చినప్పుడు దానిని స్థానికులతో పంచుకోవాలని ఆదేశించింది. అదే సంవత్సరం చండీగఢ్‌లోని సూక్ష్మజీవ భాండాగారానికి పేటెంట్ నమూనాలను స్వీకరించే అంతర్జాతీయ గుర్తింపు లభించింది. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒడంబడిక పదకొండవ సభ్యదేశాల సభ హైదరాబాదులోనే జరిగింది. నియమం, సంస్థ, వేదిక మూడూ సిద్ధంగా ఉన్నాయి.

అయినా పైన పేర్కొన్న మూడు కొత్త జాతులూ ద్రాక్ష నుంచి, బొప్పాయి నుంచి, బొగ్గుగని మట్టి నుంచి వచ్చినవే. ఒక్కటీ తందూరు పిండి నుంచి రాలేదు. శాస్త్రం మనిషి చేయి పడని ప్రకృతిలో కొత్తదనాన్ని ఎక్కువగా వెదికింది. మనిషి తరాల తరబడి ఎంపిక చేసి పెంచిన సమూహాలలో తక్కువగా వెదికింది. ఖమీరులో కొత్త జాతి దొరకాలన్న నియమం లేదు. అందులో ఏ స్ట్రెయిన్లు ఎంతకాలం కలిసి బతికాయన్నదే విలువైన విషయం. వీఎస్ స్ట్రెయిన్ల అనుభవం చూపినట్టు, పాత జాతి పేరుతోనే కొత్త గుణం దొరకవచ్చు. దబీర్‌పురా, పురానీ హవేలీ బట్టీల ఖమీరును వారి అనుమతితో సేకరించి, భాండాగారంలో నిల్వ చేసి, బట్టీ పేరునూ పద్ధతినీ నమోదు చేస్తే, ఆ జ్ఞానానికి చట్టం గుర్తించే ఆధారం ఏర్పడుతుంది. నమోదు కాని జీవవనరుపై హక్కు చెప్పుకోవడం కష్టం. ఈ పనికి సూక్ష్మజీవశాస్త్రం ఒక్కటే చాలదు. ఉర్దూ, తెలుగు పదజాలాన్ని సేకరించే భాషాశాస్త్రమూ, మౌఖిక చరిత్రా తోడుకావాలి.

9. ముగింపు:

ఈ పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

• ఈస్టుల వర్గీకరణ పరిశ్రమ అవసరంలోనే పుట్టింది. హైదరాబాదులో కూడా నామకరణం, వినియోగం వేరువేరు దారులుగా కాక ఒకే దారిలో నడిచాయి.

• స్థానిక వాతావరణం కొత్త ప్రశ్నలు వేసింది. కొత్తగూడెం వేడిమట్టి నుంచి లభించిన స్ట్రెయిన్లు తెలంగాణ వేసవి వేసిన ప్రశ్నకు సమాధానాలు.

• పికియా పాస్టోరిస్, కాండిడా క్రూసీ పేర్ల చరిత్ర చూపినట్టు, పేరు మారడం చిన్న విషయం కాదు. పాతపేరు, కొత్తపేరు కలిపి చదివినప్పుడే వ్యాక్సిన్ చరిత్రా రోగభద్రతా సంపూర్ణంగా అర్థమవుతాయి.

• ద్రాక్షపండు మీది ఈస్టుకు నగరం పేరు దక్కింది. ఆ నగరపు రొట్టెను తరతరాలుగా పొంగించిన ఖమీరు మాత్రం నమోదు కోసం ఎదురుచూస్తూనే ఉంది. బట్టీలు మూతపడకముందే ఈ పని జరగాలి, ఎందుకంటే ఆరిన బట్టీలోని ఖమీరును ఏ గ్రంథం నుంచీ తిరిగి తెచ్చుకోలేము.